కుజుడి మీద గీతలు, గుంటలు: చూసినది, చూశామనుకున్నది

ఆరిజోనా రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి తూర్పుగా ముప్పావు గంట కారులో వెళితే, చెట్టూ చేమా లేని బయలు మధ్య ఒక పెద్ద గొయ్యి ఎదురవుతుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు సుమారు 1.2 కిలోమీటర్లు, లోతు 170 మీటర్లు. గ్రాండ్ కేన్యన్ చూపించడానికి చుట్టాలను తీసుకొచ్చే ఇక్కడి తెలుగువాళ్ళలో కొందరు ఒక పూట మిగుల్చుకుని దీన్ని కూడా చూపిస్తుంటారు. అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తే, ఇది ఆకాశం నుంచి ఏదో పడి ఏర్పడిందని వేరే ఎవరూ చెప్పనక్కర లేదనిపిస్తుంది. కాని ఆ సంగతి సందేహం లేకుండా తేలడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

1891లో అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ స్వయంగా ఇక్కడికి వచ్చాడు. చుట్టుపక్కల ఇనుప ఉల్కల ముక్కలు దొరుకుతున్న సంగతి ఆయనకు తెలుసు. ఉల్క పడి ఏర్పడిన గొయ్యి అయితే లోపల పెద్ద ఇనుప ముద్ద ఉండాలి, అయస్కాంతపు సూది దాన్ని పట్టివ్వాలి అనుకుని కొలతలు తీశాడు. సూది ఏమీ చెప్పలేదు. భూమి లోపల ఆవిరి పేలి ఈ గొయ్యి ఏర్పడిందని తీర్మానించాడు. అంత వేగంతో ఢీకొన్న ఉల్క చాలామటుకు కరిగి, ఆవిరై, చెదిరిపోతుందన్న విషయం అప్పటికి ఎవరికీ తెలియదు. 1960లో యూజీన్ షూమేకర్, ఆయన సహచరులు ఇక్కడి రాళ్ళలో కోయసైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. భూమి పైపొరల్లో మామూలుగా పుట్టడానికి వీలులేనంత ఒత్తిడి దానికి కావాలి. వాదం అక్కడితో ముగిసింది. విచిత్రమేమంటే, ఇదే గిల్బర్ట్ 1893లో చంద్రుడి మీది క్రేటర్లు ఢీకొనడం వల్లే ఏర్పడ్డాయని వాదించాడు. ఆ మాట నిజమైంది. కాలి కింద ఉన్నదాని విషయంలో పొరబడి, నాలుగు లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నదాని విషయంలో సరిగ్గా చెప్పాడు.

అదే ఫ్లాగ్‌స్టాఫ్‌లో, ఊరిని ఆనుకున్న గుట్ట మీద, 1894లో పెర్సివల్ లోవెల్ ఒక వేధశాల కట్టి కుజుడి మీద కాలువలు చూశాడు. అదే రాష్ట్రంలోని టూసాన్‌లో ఉన్న విశ్వవిద్యాలయం నేడు కుజుడి కక్ష్యలో తిరిగే హైరైజ్ కెమెరాను నడుపుతోంది. చూపు ఎన్నో రెట్లు పదునెక్కింది. అయినా లోవెల్‌ను తప్పుదారి పట్టించిన పొరపాటు చూపుకు సంబంధించినది మాత్రమే కాదు కనుక, అది కెమెరాతోపాటు పోలేదు. ఒక రూపాన్ని వర్ణించడం ఒక పని, దాని పుట్టుకను చెప్పడం మరొక పని. మొదటిది పూర్తికాకముందే రెండోదానిలోకి జారినప్పుడల్లా కుజుడి గురించి మనం తప్పు చెప్పుకున్నాం. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇంతే.

ఈ రెండు పనులూ ఎక్కడ కలిసిపోతాయో మన మాటల్లోనే చూడవచ్చు. క్రేటర్‌ను తెలుగులో తరచు బిలం అంటున్నాం. బిలం అనగానే కలుగో గుహో తలపుకు వస్తుంది. అగ్నిపర్వతం నోటికీ అదే మాట వాడుతున్నాం. పోనీ ఉల్కాబిలం అందామంటే, తేలవలసిన విషయాన్ని ముందే తేల్చేసినట్టవుతుంది. క్రేటర్ అన్నది గ్రీకులో ద్రాక్షసారాను నీళ్ళతో కలిపే వెడల్పు మూతి పాత్రకు పేరు. ఆ మాట ఆకారం చెబుతుంది, కారణం చెప్పదు. అందుకే ఇక్కడ దాన్నే ఉంచుకున్నాను.

కాలువల కథ

1877లో కుజుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు, మిలాన్ నగరంలో జొవాన్ని స్కియపరెల్లి పటం గీస్తూ సన్నటి గీతలకు కనాలి అని పేరు పెట్టాడు. ఇటలీ భాషలో ఆ మాటకు సహజంగా ఏర్పడిన పాయ అనీ, మనిషి తవ్విన కాలువ అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషులోకి రెండో అర్థమే వెళ్ళింది. మనకు వాగు, ఏరు అంటే తమంతట తాము పారేవి. కాలువ అనగానే చాలావరకు ఎవరో తవ్వినదే గుర్తుకొస్తుంది. తవ్వినది అనగానే తవ్వినవాడెవడన్న ప్రశ్న వెంటనే వస్తుంది. లోవెల్ తన జీవితంలో పెద్దభాగం ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే గడిపాడు. ఎండిపోతున్న గ్రహం మీద బుద్ధిజీవులు ధ్రువాల మంచునీటిని మళ్ళించుకుంటున్నారని మూడు పుస్తకాలు రాశాడు.

దీనికి జవాబు అప్పుడే దొరికింది. 1903లో ఎడ్వర్డ్ మౌండర్ గ్రీనిచ్‌లో బడిపిల్లల ముందు, క్రమం లేని మచ్చలు, చుక్కలు ఉన్న వృత్తాలను దూరంగా పెట్టి, కనిపించింది గీయమన్నాడు. దూరం నుంచి చూసిన పిల్లలు చాలామంది తిన్నని గీతలు గీశారు. ఆ పిల్లలు కుజుడి కోసం వెతకలేదు, వాళ్ళకు ఏ సిద్ధాంతమూ లేదు. కంటికి అందీ అందని చుక్కలను మనసు దారంలా గుచ్చేస్తుంది, అంతే. 1909లో యూజీన్ అంటోనియాది పారిస్ దగ్గరి మ్యూడాన్‌లో పెద్ద దూరదర్శినితో చూసినప్పుడు, గీతలుండవలసిన చోట్ల క్రమం లేని మచ్చలే కనిపించాయి. లోవెల్‌ను నేడు వెక్కిరించడం సులభం. కాని ఆయన గీతలను గీతలని మాత్రమే పిలిచి ఉంటే, తప్పు చూపులోనే ఆగిపోయేది. దిద్దుకోవడమూ తేలికయ్యేది.

ఒక్క శాతం చూసి

మరి కక్ష్యదాకా వెళ్ళిన తర్వాత? మొదటి పాఠం కక్ష్యకు ముందే, పక్కనుంచి దూసుకుపోయిన నౌకతో మొదలైంది. 1965 జూలైలో మారినర్ 4 కుజుడికి సుమారు 9,800 కిలోమీటర్ల దూరంలోంచి సాగిపోతూ 22 చిత్రాలు తీసింది. ఒక్కొక్కటి 200 వరసలు, వరసకు 200 చుక్కలు. అవి గ్రహం మీద దాదాపు ఒక్క శాతాన్ని చూపించాయి. కాలువలు లేవు, క్రేటర్లున్నాయి. అది నిజమే. ఆ నిజం నుంచి చాలామంది చేసిన తీర్మానం మాత్రం కుజుడు చంద్రుడిలాగే ఏ మార్పూ లేని మృతగ్రహం అన్నది. లోవెల్ లేనిదాన్ని చూసి పొరబడ్డాడు. ఈసారి ఉన్నదాన్నే చూసి పొరబడ్డారు. ఒక రైలు కిటికీలోంచి నల్లగొండ బండరాళ్ళను చూసి, గోదావరి డెల్టాలేని దేశమని రాయడం వంటిది ఇది.

1971 నవంబరులో మారినర్ 9 కక్ష్యలో ప్రవేశించింది. మరో గ్రహం చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే. అప్పటికి గ్రహమంతా ధూళి తుఫాను. తెర మీద ఏమీ కనిపించలేదు, నాలుగు ముదురు మచ్చలు తప్ప. వారాల తరబడి ధూళి నెమ్మదిగా దిగుతుంటే, ఆ మచ్చలు తుఫానును మించి ఎత్తున్న కొండల శిఖరాలని తెలిసింది. వాటిలో ఒకటి ఒలింపస్ మోన్స్. అది సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు, 600 కిలోమీటర్ల వెడల్పు ఉన్న అగ్నిపర్వతం. తర్వాత 4,000 కిలోమీటర్ల పొడవున నేల చీలినట్టున్న వాలిస్ మారినెరిస్ బయటపడింది. ఎండిన నదుల జాడలు బయటపడ్డాయి. ఒక్క శాతం చెప్పింది అబద్ధం కాదు, అది ఒక్క శాతానికే వర్తించే నిజం.

వెలుగు ఎటునుంచి?

కక్ష్య నుంచి తీసిన చిత్రంలో క్రేటర్ కొందరికి గుంటలా, కొందరికి బొడిపెలా కనిపిస్తుంది. చిత్రాన్ని తలకిందులు చేస్తే గుంట గుట్ట అవుతుంది, గుట్ట గుంట అవుతుంది. కారణం మన అలవాటే. పుట్టినప్పటినుంచి వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను నమ్ముతుంది. చిత్రంలో ఎండ కిందివైపు నుంచి పడితే మోసపోతుంది.

హైరైజ్ కెమెరా ఉన్న మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ చాలాచోట్ల అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో నేల మీదుగా వెళుతుంది. ఆ వేళకు సూర్యుడు పడమటికి వాలి ఉంటాడు. ఉత్తరం పైకి ఉండేలా అమర్చిన చిత్రంలో వెలుగు ఎడమవైపు నుంచి వస్తుంది. అంటే నిజమైన గుంటకు ఎడమవైపు లోపలి గోడ నీడలోను, కుడివైపు గోడ ఎండలోను ఉండాలి. అనుమానం వస్తే చిత్రాన్ని గడియారపు ముల్లు తిరిగే దిక్కుగా పావు వంతు తిప్పి, వెలుగు పైనుంచి వచ్చేలా చేసి చూస్తే చాలు.

వైకింగ్ 1 నౌక 1976 జూలై 25న సైడోనియా అనే చోట తీసిన ముఖం కథ కూడా వెలుగు కథే. ఎండ బాగా వాలి ఉంది. ఒక్కో చుక్క నేల మీద 50 మీటర్ల మేరను సూచించింది. అందులోనూ కొన్ని చుక్కల సమాచారం దారిలో పోయి నల్లమచ్చలుగా మిగిలింది. నీడలు కళ్ళయ్యాయి, ఒక నల్లమచ్చ ముక్కుపుటమైంది. 1998లోను, 2001లోను మార్స్ గ్లోబల్ సర్వేయర్ అదే గుట్టను చాలా దగ్గరగా చూసింది. రెండోసారి ఒక చుక్క 2 మీటర్లకన్నా తక్కువ. ముఖం కరిగిపోయి, గాలికి అరిగిన గుట్ట మిగిలింది. ముఖాన్ని నమ్మినవారిలో కొందరు ఆ తర్వాత కూడా నమ్మారన్నది వేరే సంగతి. ఎక్కువ వివరం ఉన్న చిత్రం వచ్చినప్పుడు బలపడేది నిజమైన రూపం. కరిగిపోయేది మనం వేసిన రూపం.

రంగు విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. హైరైజ్ చిత్రాల్లో నీలంగా మెరిసే ఇసుక దిబ్బలను చూసి అక్కడ నీళ్ళున్నాయేమోననుకునేవారు ఉన్నారు. కంటికి కనిపించని పరారుణ కాంతిని కలుపుకుని, తేడాలు తెలియడానికి రంగులను పెంచి చూపిన చిత్రాలవి. ఆ నీలం నల్లటి బసాల్ట్ ఇసుకది.

గుంటలు లెక్కపెట్టి వయసు చెప్పడం

2012లో వెలువడిన ఒక పట్టికలో కుజుడి మీద ఒక కిలోమీటరు, అంతకు మించి వెడల్పున్న 384,343 క్రేటర్ల వివరాలున్నాయి. ఈ లెక్క వేడుక కోసం కాదు. కుజుడి నేలల వయసు చెప్పడానికి మన దగ్గర ఉన్న ముఖ్యమైన పద్ధతి ఇదే. ఎక్కువకాలం ఆరుబయట ఉన్న నేలకు ఎక్కువ దెబ్బలు తగులుతాయి. కనుక క్రేటర్లు దట్టంగా ఉంటే పాత నేల, పలచగా ఉంటే కొత్త నేల. ఏది ముందు, ఏది వెనక అన్న వరస చెప్పడంలో ఈ పద్ధతి గట్టిది.

కాని సంవత్సరాల అంకె చెప్పవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళ వయసుతో చంద్రుడి క్రేటర్ల సాంద్రతను ముడివేశారు. ఆ ముడిని కుజుడి దూరానికి, గురుత్వానికి తగినట్టు సవరించి వాడుతున్నారు. సవరణలో చిన్న తేడా వచ్చినా జవాబులో పెద్ద తేడా వస్తుంది. పైగా ప్రతి చిన్న గుంటా ఆకాశం నుంచి నేరుగా పడినది కాదు. జూనిల్ అనే 10 కిలోమీటర్ల క్రేటర్ పుట్టినప్పుడు ఎగిరిన రాళ్ళు పడి దాదాపు కోటి చిన్న గుంటలు ఏర్పడ్డాయని 2005లో అంచనా వేశారు. ఒక్క సంఘటనకు కోటి గుర్తులు! వాటిని విడివిడి దెబ్బలుగా లెక్కేస్తే నిన్నటి నేల కూడా ముసలిదవుతుంది.

కొత్త దెబ్బల లెక్క కూడా నిలకడగా లేదు. కక్ష్య నుంచి కొత్త క్రేటర్లు ఎక్కువగా దొరికేది ధూళి కప్పిన నేలల మీద. ఎందుకంటే అక్కడ ధూళి ఎగిరిపోయి నల్లని మచ్చ పడుతుంది, మచ్చ ముందు కంటబడుతుంది. ధూళి లేని చోట పడినది కంటబడదు. ఇన్‌సైట్ నౌక నేల మీద కూర్చుని కంపనాలు విన్న తర్వాత, 2024లో వెలువడిన పరిశోధన ఒకటి 8 మీటర్లకు మించిన క్రేటర్లు ఏటా 280 నుంచి 360 దాకా ఏర్పడుతున్నాయని చెప్పింది. చిత్రాల మీద ఆధారపడ్డ అంచనాలకన్నా ఇది ఎక్కువ. 2021 డిసెంబరు 24న ఇన్‌సైట్‌కు అందిన ఒక పెద్ద కంపనం ఎక్కడిదో తర్వాత కక్ష్య చిత్రాల్లో దొరికింది. అక్కడ 150 మీటర్ల కొత్త క్రేటర్, దాని చుట్టూ చెదిరిన మంచుగడ్డలు కనిపించాయి. కన్ను, చెవి కలిసినప్పుడు లభించిన జ్ఞానం అది.

అంకెల మీద మోజు తగ్గించుకోవడానికి మహారాష్ట్రలోని లోణార్ సరస్సును తలచుకోవచ్చు. దక్కన్ బసాల్ట్ మీద ఉల్క చేసిన 1.8 కిలోమీటర్ల క్రేటర్ అది. నడిచి వెళ్ళి రాయి తెచ్చుకోగలం. అయినా ఒక పద్ధతిలో దాని వయసు 50 వేల ఏళ్ళని, మరో పద్ధతిలో 5 లక్షలకు పైనని వచ్చింది. చేతిలో రాయి ఉండగా పది రెట్ల తేడా. రాయి లేని చోట చెప్పిన అంకెను ఎంత ఒదిగి చదవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీటి గీతలు

2011లో హైరైజ్ బృందం ఒక విషయం ప్రకటించింది. నిటారు వాలుల మీద, కొన్ని మీటర్ల వెడల్పుకు మించని ముదురు గీతలు వెచ్చని ఋతువులో పొడవు పెరిగి, చలికి మాసిపోయి, మరుసటి ఏడు మళ్ళీ వస్తున్నాయి. వాటికి పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే, వాలుల మీద మళ్ళీ మళ్ళీ వచ్చే గీతలు. అందులో నీరన్న మాట లేదు. లోవెల్ నాటి పాఠం నేర్చుకున్నవారి పేరు అది.

2015లో అవే గీతల దగ్గర నీటితో కూడిన లవణాల సంకేతాలు కాంతి విశ్లేషణలో దొరికాయని మరో వ్యాసం వచ్చింది. అంతే, పేరులోని సంయమనం ప్రకటనల్లో మిగల్లేదు. నేటి కుజుడి మీద నీరు పారుతోందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. 2017లో ఆ గీతల వాలును కొలిచారు. దాదాపు అన్నీ 27 డిగ్రీలకు మించిన వాలు మీదే ఉన్నాయి, వాలు తగ్గగానే ఆగిపోతున్నాయి. పొడి ఇసుక జారి ఆగే తీరు అది. నీరైతే వాలు తగ్గిన చోటికి కూడా కొంతదూరం సాగాలి. 2018లో, లవణాలదనుకున్న సంకేతం వంటిదే పరికరపు సమాచారాన్ని శుద్ధిచేసే క్రమంలో కూడా పుట్టగలదని చూపించారు. ఆ గీతలు ఫలానా ఋతువులోనే ఎందుకు పెరుగుతాయన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

2011 వ్యాసం రాసినవారిలో కొందరు 2017 వ్యాసంలోనూ ఉన్నారు. ఇక్కడ నాకు గౌరవం కలిగించే విషయం ఇదే. తమ గీతలను తామే మళ్ళీ కొలిచి, తామే చిన్నబుచ్చుకున్నారు. దిద్దుబాటు వార్త మాత్రం మొదటి వార్త వెళ్ళినంత దూరం వెళ్ళలేదు. ఈనాటికీ ఏ విందు భోజనాల దగ్గరో కుజుడి ప్రస్తావన వస్తే, అక్కడ నీళ్ళు పారుతున్నాయట కదా అనేవారు ఉంటారు. ఇది పాఠకుల తప్పు కాదు, మొదటి మాటను ముగింపు మాటగా చెప్పినవారిది.

నేల ఇచ్చిన తీర్పు

కక్ష్య చిత్రాల పఠనం ఎప్పుడూ తప్పని నా వాదన కాదు. గూసెవ్ అనే 166 కిలోమీటర్ల క్రేటర్‌లోకి ఒక పెద్ద లోయ వచ్చి కలుస్తుంది. అది ఒకప్పటి సరస్సని ఆశించి 2004లో స్పిరిట్ రోవర్‌ను దింపారు. దిగిన చోట దొరికింది బసాల్ట్ లావా. నీటి జాడల కోసం దూరంగా ఉన్న గుట్టలు ఎక్కవలసి వచ్చింది. అదే పద్ధతిలో గేల్ క్రేటర్‌ను ఎంచుకుని 2012లో క్యూరియాసిటీని దింపితే సరస్సు అడుగున పేరుకున్న మట్టిరాళ్ళు దొరికాయి. 2021లో పెర్సివరెన్స్ దిగిన జెజెరోలో రెండూ జరిగాయి. కక్ష్య నుంచి డెల్టాగా చదివినది నిజంగా డెల్టాయే. క్రేటర్ అడుగు అవక్షేపమా లావానా అన్నది మాత్రం పైనుంచి తేలలేదు. రోవర్ చెక్కి చూస్తే అగ్నిశిలలు. లోయ సరైనదే, సరస్సూ ఉండి ఉండవచ్చు, కాని పైపొర వేరే కథ చెబుతుండవచ్చు. పైనుంచి కనిపించేది చివరగా రాసిన పుట మాత్రమే.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరు 24న కక్ష్య చేరిన మంగళయాన్‌ను కూడా ఈ కొలతతోనే చూడాలి. వివరంలో దాని కెమెరా హైరైజ్‌కు సాటిరాదు, రావాలని దాన్ని పంపనూ లేదు. దాని కక్ష్య ఒకవైపు కొన్ని వందల కిలోమీటర్లు, మరోవైపు 70 వేల కిలోమీటర్లకు పైన. ఆ దూరం నుంచి గ్రహమంతా ఒక్క చిత్రంలో ఒదిగింది, మబ్బులూ ధూళీ ఒక్కచూపులో తెలిశాయి. 300 కిలోమీటర్ల ఎత్తున తిరిగే నౌకకు అది సాధ్యం కాదు. హైరైజ్ ఇన్నేళ్ళలో చూసింది గ్రహంలో చాలా చిన్న భాగం. ఏ చిత్రం ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో తెలుసుకోకుండా, మన చిత్రం గొప్పదా వాళ్ళ చిత్రం గొప్పదా అని పోల్చడంలో అర్థం లేదు.

కుజుడి మీది చిన్న క్రేటర్లకు భూమి మీది చిన్న ఊళ్ళ పేర్లు పెడతారు. ఆ పట్టికలో లోణార్ ఉంది, అనంతపురం జిల్లా ప్రాంతపు రాయదుర్గం కూడా ఉంది. పట్టికను నిర్వహించే కార్యాలయం ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే ఉంది, లోవెల్ కాలువలు చూసిన ఊళ్ళోనే. రాయదుర్గం అన్న పేరు ఆ క్రేటర్ ఎలా పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో, అందులో నీరుండేదో లేదో ఏమీ చెప్పదు. ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతుంది. పేరు అంతవరకే చెప్పాలి.

హైరైజ్ చిత్రాలన్నీ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. ఫలానా చోటు తీయమని ఎవరైనా అడిగే సదుపాయం 2010 నుంచి ఉంది. ఆసక్తి ఉన్నవారు రాయదుర్గాన్నే వెతికి చూడవచ్చు. చూసేటప్పుడు మొదట వెలుగు ఎటునుంచి పడుతోందో గమనించాలి. ఒక చుక్క నేల మీద ఎంత మేరో, ఇదే చోటును మరో ఋతువులో తీసిన చిత్రం ఉందో లేదో తెలుసుకోవాలి. ఆ తర్వాతే, ఈ రూపం మరే విధంగానైనా పుట్టి ఉండవచ్చా అని అడగాలి. అంతవరకు గుంటను గుంట అనీ, గీతను గీత అనీ పిలుచుకుంటే సరిపోతుంది.